అనర్హతా నివేదనము – ఆహ్వాన స్వీకారము : నిర్గమకాండములోని మోషే కథపై ఒక పరిశీలన

తాను పూనిన కార్యము తన శక్తికి మించినదని చెప్పుకొనుట తెలుగు కవికి పుట్టుకతో వచ్చిన ఆచారము. ఆదికవియే ఇందుకు దారి చూపినాడు. రాజరాజనరేంద్రుని కోర్కెను విన్న నన్నయ, భారతసముద్రమును దాటుట బ్రహ్మకైనను సాధ్యమగునా యని సంశయించి, పిదప రాజానుమతిని, విద్వజ్జనుల యనుగ్రహమును ఊతగా గొని కావ్యమునకు పూనుకొనెను. పోతన భాగవతమును గుఱించి ఇట్టి మాటనే పలికి, పెద్దలవలన విన్నంత, తనకు తెలిసినంత చెప్పెదనని విన్నవించుకొనెను. ఈ వినయోక్తులను మన విమర్శకులు చిరకాలముగా ప్రశంసించుచునే యున్నారు. అయితే వీని స్వభావము ఎట్టిది? కవి నిజముగా వెనుదీయుచున్నాడా? లేక అంగీకరించిన పిమ్మట సభకు నమస్కరించుచున్నాడా? ఈ ప్రశ్నను మేము నేరుగా అవతారికలనుండి కాక, వేఱొక సాహిత్యమునుండి తెచ్చి అడుగదలచినాము. ఆ సాహిత్యము క్రైస్తవ వేదము. అందును ముఖ్యముగా నిర్గమకాండములోని మూడు, నాలుగు అధ్యాయములు, అనగా మోషే పిలువబడిన కథ.

ఈ కథను క్రైస్తవ ప్రసంగములలో తఱచుగా వినుచుందుము. అర్హులను దేవుడు పిలువడు, పిలిచినవారిని అర్హులను చేయునని దీని సారముగా చెప్పుట పరిపాటి. మాట చక్కనిది, ఓదార్పు నిచ్చునది. కాని మూలపాఠమును నిదానముగా చదివినచో ఈ సారము పాఠమునకు సరిపోదని మాకు తోచుచున్నది. కథలో మోషేకు అర్హత వచ్చిన ఘట్టమే లేదు. అతని కొఱత తీఱలేదు. అది కథ తుదివఱకు రూపము మార్చుకొనుచు నడచినది. ఈ సంగతిని నిరూపించుటయే మా ప్రయత్నము.

దర్శన కథలు – రెండు విధములు

మన అవతారికలలో దైవము స్వయముగా కవిని పిలిచిన సందర్భములు కలవు. తిక్కనకు స్వప్నమున తండ్రి కొమ్మన కనిపించి హరిహరనాథుని యనుగ్రహమును తెలిపెను. పిదప ఆ దేవుడే ప్రత్యక్షమై కృతిని కోరెను. పోతనకు గ్రహణరాత్రి నదీతీరమున ధ్యానమందుండగా రామభద్రుడు సాక్షాత్కరించెను. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సందర్భమున శ్రీకాకుళమున ఉపవసించి నిద్రింపగా ఆంధ్రవిష్ణువు కలలో దర్శనమిచ్చి తెలుగున కావ్యము చేయుమనెను. ఈ మూడింటియందును ఒక సామాన్య లక్షణము కలదు. పిలుపు అర్హతను చూచి వచ్చినది. తిక్కన భారతరచనకు అప్పటికే సంకల్పించి కృతిభర్తను గుఱించి యాలోచించుచున్నాడు. రాయల విషయమున దేవుడు అతని సంస్కృత కృతులను పేరుపేరున ప్రశంసించి, తెలుగు నీకు అసాధ్యమా యన్నట్లు అడిగినాడు. అనగా దైవము ఇచట గుణగ్రాహి. కవి తన అల్పత్వమును చెప్పుకొన్నను, అది దేవునితో కాదు, పండితులతో. పిలుపునకు ముందు కాదు, సమ్మతించిన పిదప.

మోషే కథ దీనికి తలక్రిందులు. అతని అనర్హతా నివేదనము దేవునితోనే జరిగినది, సమ్మతికి ముందే జరిగినది. అది మర్యాద కాదు, నిరాకరణము. ఒకసారి కాక అయిదుసార్లు అతడు తప్పించుకొన జూచినాడు. నేనెవడనని మొదటిసారి; నీ పేరేమని చెప్పుదునని రెండవసారి; వారు నన్ను నమ్మరని మూడవసారి; నాకు మాట రాదని నాలుగవసారి. అయిదవసారి కారణము కూడ చెప్పలేదు. మఱియెవరినైన పంపుమని మాత్రమే అడిగినాడు. అప్పుడే దేవునికి కోపము వచ్చినట్లు పాఠము చెప్పుచున్నది. కారణము చెప్పినంతకాలము ఓర్పుతో సమాధానమిచ్చిన దేవుడు, కారణము లేని తిరస్కారమునకు కోపించినాడు. నాలుగు నివేదనములును నిజమైనవే కావచ్చును. అయిదవది బయటపెట్టినది, ఆ నాలుగింటి వెనుక దాగిన అనిచ్ఛను. ఆ అనిచ్ఛ తల వంచుకొన్నంతమాత్రమున వినయము కాజాలదని కథకుడు ఒక్క వ్యాఖ్యావాక్యమైనను వ్రాయకుండ చూపినాడు.

ఇట్టి కథలకు ఒక నియత నిర్మాణము కలదని నార్మన్ హేబెల్ 1965లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. దర్శనము, ప్రస్తావన, నియోగము, ఆక్షేపణ, అభయము, సూచన అను ఆఱు అంగములను ఆయన గుర్తించినాడు. న్యాయాధిపతుల గ్రంథమున గిద్యోను తన కులము బలహీనమనియు, ఇంటిలో తానే కనిష్ఠుడననియు చెప్పుట, యిర్మీయా తాను బాలుడననుట ఈ చట్రమున కుదురును. కాని చట్రము ఒకటైనను లోని చిత్రములు వేఱు. యెషయా అపవిత్రమైన పెదవులు గలవాడనని విలపించినప్పుడు నిప్పు అతని నోటిని తాకి దోషమును తొలగించినది. యిర్మీయా నోటిని దేవుని చేయి ముట్టి మాటలను అందుంచినది. ఆ ఇద్దఱి విషయమున ఆటంకమునకు చికిత్స జరిగినది. మోషే నోటికి మాత్రము ఏ నిప్పు, ఏ చేయి తాకలేదు. అంగములను లెక్కించుటతో ఆగిన విమర్శకు ఈ భేదము అందదు.

నేనెవడను – ఉన్నవాడను

మోషే మొదటి ప్రశ్నకు వెనుక ఒక గాయము కలదు. రెండవ అధ్యాయమున అతడు ఎవరును పిలువకయే తన జనులను రక్షింపబూని ఐగుప్తీయుని చంపెను. మఱునాడు పోరాడుకొనుచున్న హెబ్రీయులను వారింపగా, మాపై నిన్ను అధికారిగా నియమించిన దెవడని ఒకడు ఎదురడిగెను. ఆ ప్రశ్నకు జవాబు లేక అతడు మిద్యానునకు పాఱిపోయి, మామ గొఱ్ఱెలను మేపుచు వయసు గడపెను. ఫరో యెదుట నిలిచినప్పుడు అతనికి 80 ఏండ్లని గ్రంథమే చెప్పుచున్నది. తనకు తానై ముందుకు వచ్చిన యువకుని లోకము నీవెవడవన్నది. దేవుడు పిలిచిన వృద్ధుడు నేనెవడనన్నాడు. అడిగినవాని ప్రశ్నయే అడుగబడినవాని ప్రశ్నగా మాఱినది. హెబ్రీ మూలమున ఇంకొక సూక్ష్మము కలదు. నిన్ను నియమించిన దెవడు అనుచోట వాడిన క్రియయే, నాలుగవ అధ్యాయమున మానవునకు నోటిని ఏర్పఱచిన దెవడు అని దేవుడడుగుచోట మరల వచ్చినది. నాడు వీధిలో తగిలిన ప్రశ్నకు జవాబు నేడు పర్వతముమీద, ప్రశ్నరూపముననే, లభించినది.

నేనెవడను అను ప్రశ్నకు వచ్చిన సమాధానము మఱింత విచిత్రము. నీవు ఫలానావాడవు, రాజగృహమున పెరిగితివి, ఐగుప్తు విద్యల నెఱుగుదువు అని దేవుడు చెప్పవచ్చును. రాయల స్వప్నమున ఆంధ్రవిష్ణువు చేసినది అదియే. ఇచట అట్లు జరుగలేదు. మోషే ఎవడో దేవుడు చెప్పలేదు. తాను అతనితో నుందునని మాత్రము చెప్పెను. ఆ మాటలోని క్రియారూపము హెబ్రీ భాషలో ‘ఎహ్యె’. తరువాత దేవుడు తన పేరును వెల్లడించినప్పుడు పలికినదియు ఈ రూపమే. మాట మాంద్యమునకు సమాధానముగా నోటికి తోడైయుండుటను వాగ్దానము చేసినప్పుడును, అహరోను నిర్ణయమైన పిదపను ఇదియే మరల వచ్చినది. అనగా మోషే ప్రశ్నకు దేవుని పేరే ప్రత్యుత్తరము. అడిగినది ప్రథమపురుషుని గుణమును గుఱించియా, సన్నిధిని గుఱించియా యని చూడక, సన్నిధినే ఇచ్చినాడు. మన తెలుగు అనువాదమున ఈ సంబంధము చెడలేదు. తోడుగా ‘ఉండు’ట, ‘ఉన్నవాడు’ అను నామము, రెంటియందును ఉండు ధాతువే నిలిచినది. అనువాదకులు తెలిసి చేసిరో, తెలుగు స్వభావమే తోడ్పడినదో కాని, ఫలితము మూలమునకు దగ్గఱగా నున్నది.

ఇచట మన హనుమంతుడు జ్ఞప్తికి వచ్చుట సహజము. కిష్కింధాకాండమున సముద్రమును చూచి వానరులందఱు తమ తమ శక్తిని లెక్కించుకొనుచుండగా హనుమంతుడు మౌనముగా నుండెను. జాంబవంతుడు అతని పుట్టుకను, బలమును గుర్తుచేయగా అతడు పెరిగి లంఘించెను. పిలుపు, సంకోచము, ప్రోత్సాహము, కార్యము అను క్రమము రెండు కథలయందును సమానమే. కాని హనుమంతుని శక్తి అతనియందే కలదు, అది మఱపున పడినది. ఇంకొకరు జ్ఞప్తి చేసినంతనే మేల్కొన్నది. మోషేలో మేల్కొలుపవలసిన శక్తి యేదియు ఉన్నట్లు కథకుడు చెప్పలేదు. ఒక కథ ఆత్మజ్ఞానమును, ఇంకొకటి సహవాసమును ఆధారము చేసికొన్నది. ఈ రెంటిలో ఒకటి గొప్ప, ఒకటి కొఱత యని మేము చెప్పబోము. కాని మోషే కథను హనుమంతుని కథవలె చదివి, నీలో దాగిన శక్తిని తెలిసికొనుమని బోధించుట పాఠమునకు అన్యాయమగును.

బరువైన నోరు

ఇక ప్రధాన విషయమునకు వత్తము. నాలుగవ ఆక్షేపణలో మోషే తన నోటిని, నాలుకను వర్ణించుటకు వాడిన హెబ్రీ పదము ‘కావేద్’. దీని అర్థము బరువైనది. తెలుగు బైబిలు దీనిని మాంద్యమని అనువదించినది. తెలుగు చెవికి ఇది సరియైన మాటయే. నోరు బరువైనదన్నచో మన శ్రోతకు మాట తడబాటు తోపదు. కాని ఈ ఒక్క పదమును పట్టుకొని నిర్గమకాండమంతయు నడచి చూచినచో కథాశిల్ప మొకటి బయటపడుచున్నది.

అయిదవ అధ్యాయమున ఫరో దాసులపై పనిని ఇంకను బరువు చేయుడని ఆజ్ఞాపించినది ఈ ధాతువుతోనే. ఏడవ అధ్యాయము మొదలుకొని ఫరో హృదయము ‘కావేద్’ అయినదని కథకుడు పలుమాఱులు చెప్పినాడు. ఈగల దండు, పశువుల తెగులు, వడగండ్లు, మిడుతలు, వీని యన్నింటికిని ఇదే విశేషణము. సముద్రమున ఐగుప్తీయుల రథములు కదలలేక బరువెక్కినవి. సీనాయి కొండపై నిలిచిన మేఘము ‘కావేద్’. అమాలేకీయులతో యుద్ధమున మోషే చేతులు బరువెక్కగా అహరోను, హూరు ఇరుప్రక్కల నిలిచి పట్టుకొనిరి. జనులకు ఒంటరిగా తీర్పు తీర్చుచున్న మోషేను చూచి, ఈ పని నీకు మిక్కిలి బరువని మామ యిత్రో హెచ్చరించెను. అన్నింటికంటె ముఖ్యమైనది, ఈ ధాతువునుండియే ‘కావోద్’ అను శబ్దము పుట్టినది. దాని అర్థము మహిమ. సముద్రతీరమున ఫరోవలన నాకు మహిమ కలుగునని దేవుడు పలికినదియు, నీ మహిమను చూపుమని తుదకు మోషే కోరినదియు ఈ పదకుటుంబముతోనే.

ఇట్లు ఒక మాటను పలుచోట్ల మ్రోగించి కథాభాగములను ముడివేయుట హెబ్రీ వచనకథనమునకు ప్రత్యేకమైన పద్ధతి. మార్టిన్ బూబర్ దీనిని గుర్తించి పేరు పెట్టెను; 1981లో వెలువడిన రాబర్ట్ ఆల్టర్ గ్రంథము దీనిని సాహిత్య విద్యార్థులకు సుపరిచితము చేసినది. మా దృష్టిలో నిర్గమకాండమున ఈ పద్ధతి ఒక వాదమును నడపుచున్నది. మోషే నోరును బరువే, ఫరో హృదయమును బరువే. ఒకడు మాటాడలేడు, ఒకడు వినలేడు. ఇద్దఱి కొఱతయు ఒకే పదముతో చెప్పబడినది. భేదమెచటనున్నది? ఫరో తన బరువును ఇంకొకరికి చూపలేదు. మోషే తన బరువును దేవుని యెదుట పెట్టినాడు, అన్న సహాయమును అంగీకరించినాడు, చేతులు వాలినప్పుడు పట్టుకొనుటకు ఇద్దఱిని ఒప్పుకొన్నాడు, మామ సలహా వినినాడు. ఒంటరిగా మోయబడిన బరువు కాఠిన్యమైనది. పంచుకొనబడిన బరువు మహిమకు దారి తీసినది. ఇది మేము కల్పించిన నీతి కాదు. పదముల వరుస చూపునది.

తెలుగు అనువాదమున ఈ వరుస మాంద్యమని, కాఠిన్యమని, బరువని, భారమని, మహిమయని విడివిడిగా చెదరినది. ఇందుకు అనువాదకులను నిందింపరాదు. ప్రతి స్థలమునను వారు తెలుగునకు సహజమైన మాటనే ఎన్నుకొనిరి. ఊరి సంఘమున కూర్చున్న శ్రోతకు అర్థమగుట వారికి ముఖ్యము. అయితే మన భాషయందే ఈ బంధమును చూపగల పదకుటుంబము కలదని చెప్పక తప్పదు. సంస్కృతమున గురుశబ్దమునకు మొదటి అర్థము బరువైనది. దానినుండియే గౌరవము, గరిమ పుట్టినవి. ఛందస్సున గురువు లఘువుకంటె బరువైన అక్షరము. విద్యాలయమున గురువు గౌరవింపదగినవాడు. హెబ్రీ భాష కావేద్ నుండి కావోద్‌ను నిర్మించినట్లే మన భాష గురుత్వమునుండి గౌరవమును నిర్మించినది. సంబంధము లేని రెండు భాషాకుటుంబములలో బరువే గొప్పదనమునకు రూపకమగుట గమనింపదగిన విషయము. ‘గురుజిహ్వుడు’ అని మోషేను పిలువుమని మేము కోరము. అట్టి అనువాదము ఎవరికిని అర్థము కాదు. కాని బోధించువారు ఈ సామ్యమును చూపినచో అనువాదమున పోయినది వ్యాఖ్యానమున తిరిగి దక్కును.

వాగ్మి యైన అన్న

దేవుడు కోపించియు మోషేను విడువలేదు. చక్కగా మాటాడగల అన్న అహరోనును అతనికి నోరుగా నిచ్చెను. దీనిని కేవలము అనుగ్రహముగా చదువుట వాడుక. కథ ఇంకను ముందుకు చూచుచున్నది. ముప్పది రెండవ అధ్యాయమున మోషే కొండపై నుండగా జనులు దేవతలను చేసి యిమ్మని అహరోనును చుట్టుముట్టిరి. వాగ్మి యైన అతడు వారిని వారింప ఒక్క మాటయు పలుకలేదు. బంగారు పోగులను తెమ్మని దూడను చేసి యిచ్చెను. మోషే నిలదీసినప్పుడు మాత్రము అతని వాక్చాతుర్యము తిరిగి వచ్చినది. జనుల దుష్టత్వమును వర్ణించెను, బంగారమును అగ్నిలో వేయగా ఈ దూడ వెలికి వచ్చినదనెను. తానుగా పోత పోసిన విషయము ఆ మాటలలో మాయమైనది. నేర్పరి నోరు అవసరమునకు మూగయై, సాకునకు తెఱచుకొన్నది. అదే అధ్యాయమున మాట రాని మోషే ఆ జనులకొఱకు దేవునితో వాదించి, వారిని క్షమింపని యెడల తన పేరును నీ గ్రంథమునుండి తుడిచివేయుమనెను. నాలుగవ అధ్యాయమున ఎవరికి మాట వచ్చును, ఎవరికి రాదు అను విషయమున మనకున్న అభిప్రాయమును కథకుడు ఇచట తలక్రిందులు చేసినాడు. అర్హత యని మనము తలచినది పరీక్షకు నిలువలేదు.

మఱియొక సంగతి. నేను మాటలవాడను కానని మొఱపెట్టినవాని పేర ద్వితీయోపదేశకాండము దాదాపు ఒకే సుదీర్ఘ ప్రసంగముగా సాగినది. ఆ గ్రంథమునకు హెబ్రీయులు పెట్టిన పేరు ‘దెవారీమ్’, అనగా మాటలు. మోషే తనకు లేదన్న పదమే అతని తుది గ్రంథమునకు పేరైనది. తెలుగున మాట అను శబ్దము రెండుచోట్లను నిలిచియుండుటచే ఈ విశేషమును మన విద్యార్థియు పట్టుకొనగలడు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. ద్వితీయోపదేశమున అంత మాటాడినవాని మాంద్యము నయమైనట్లే కదా? అదియుగాక అపొస్తలుల కార్యములలో స్తెఫను, మోషే మాటలయందును క్రియలయందును శక్తిమంతుడని పలికెను గదా? ఈ ఆక్షేపము బలమైనదే. కాని నయమైనట్లు పాఠము ఎచటను చెప్పలేదు. ఆఱవ అధ్యాయమున, అనగా పిలుపునకు సమ్మతించి ఐగుప్తునకు వచ్చిన పిదపను, మోషే తన పెదవుల కొఱతను రెండుసార్లు మొఱపెట్టుకొన్నాడు. స్తెఫను మాట ఐగుప్తు విద్యలలో శిక్షితుడైన యౌవనకాలపు మోషేను గుఱించినది. మాటకు శక్తి యుండుట, నాలుకకు జాఱుడు ఉండుట ఒకటి కావు. ఈ మాంద్యమునకు కారణము చెప్పవలెనని తరువాతి యూదు సంప్రదాయము ఒక కథను చేర్చినది. బాలుడైన మోషే యెదుట బంగారమును, నిప్పును ఉంచి పరీక్షింపగా అతడు నిప్పుకణికను నోట పెట్టుకొనెనట. కథ మనోహరముగా నున్నది. కాని మూలకథకుడు కారణమును చెప్పకుండుటలోనే గాంభీర్యమున్నది. మూగవానిని, చెవిటివానిని, చూపుగలవానిని, గ్రుడ్డివానిని చేసినదెవడని దేవుడు అడిగినాడే గాని, కొఱతను తీర్చెదననలేదు, అది లేదనియు అనలేదు.

పౌలు చదివిన మోషే

ఈ పఠనము మేము క్రొత్తగా కల్పించినది కాదు. క్రైస్తవ సంప్రదాయమున దీని తొలి పాఠకుడు పౌలు. హెబ్రీ గ్రంథమునకు ప్రాచీన గ్రీకు అనువాదమున మోషే నాలుగవ ఆక్షేపణ ‘హికనోస్’ అను పదముతో అనువదింపబడినది. నేను చాలినవాడను కానని దాని భావము. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, ఈ కార్యమునకు చాలినవాడెవడని పౌలు అడిగినదియు, మా చాలినతనము దేవునివలననే యని జవాబు చెప్పినదియు ఈ పదకుటుంబముతోనే. వెనువెంటనే ఆయన మోషే ముఖమున వెలిగిన మహిమను ప్రస్తావించెను. కనుక ఆ ప్రశ్న అడుగునప్పుడు పొద దగ్గఱి మోషే ఆయన మనస్సున నున్నాడనుట సహేతుకము. పౌలు మాటతీరును కొరింథులోని కొందఱు చులకన చేసిరని అదే పత్రిక తెలుపుచున్నది. అందుచే ఇది ఆయనకు పాండిత్యచర్చ కాదు. తన సొంత వ్యాజ్యము.

నాలుగవ అధ్యాయమున ఆయన ఆ నిధిని మంటి పాత్రలలో నున్నదానిగా వర్ణించి, తుదకు మహిమయొక్క భారమును గుఱించి పలికెను. గ్రీకున బారోస్ అనగా బరువు, దోక్సా అనగా మహిమ. హెబ్రీ చెవి గల పౌలు కావేద్, కావోద్ అను జంటను గ్రీకున రెండు మాటలుగా విప్పి ప్రక్కప్రక్కన పెట్టినాడని మా ఊహ. తెలుగు అనువాదము ఇచట భార, మహిమ శబ్దములను కలిపియే వాడినది. నిర్గమకాండమున చెదరిన ముడి ఈ పత్రికలో మన భాషయందును తిరిగి పడినది. మంటి పాత్ర బంగారు పాత్రగా మాఱలేదనుటయే ఆయన వాదమునకు ప్రాణము. అది మాఱినచో నిధి ఎవరిదో తెలియదు.

తెలుగు నేలపై బరువైన నాలుకలు

ఈ చర్చకు మన వాఙ్మయచరిత్రతో నిజమైన సంబంధమొకటి కలదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ తెలుగున బైబిలును అనువదింప బూనిరి. తెలుగు నేర్చుకొనుచు తెలుగున గ్రంథము వ్రాయుట వారి పని. ఆ పనిలో వారికి తోడ్పడినవాడు ఆనందరాయరు అను తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడు. ఇరువురు విదేశీయులును 1810 నాటికి మరణించిరి. వారు ప్రారంభించిన సువార్తల అనువాదము 1812లో శ్రీరాంపురమున అచ్చయినది. మోషే మాటాడలేననగా అహరోను నోరైనట్లు, ఈ నాలుకలకు ఆనందరాయరు నోరైనాడు. నన్నయ సైతము నారాయణభట్టు తనకు తోడ్పడిన విధమును, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుని సాహాయ్యముతో పోల్చి స్మరించినాడు. మన తొలి కావ్యము వెనుకను, తొలి సువార్త ముద్రణము వెనుకను సహాయకు డొకడు నిలిచియుండుట కేవలము యాదృచ్ఛికము కాదు. నన్నయ ఆ పేరును కావ్యముననే చెక్కినాడు. ఆనందరాయరు పేరు మిషను చరిత్రలు చదువువారికి తప్ప తెలియదు.

జాషువ 1941లో ప్రకటించిన గబ్బిలమును ఈ వెలుగున ఒకసారి చూడవచ్చును. ఆలయమున ప్రవేశము లేని అరుంధతీసుతుడు తన మొఱను ఈశ్వరునకు చేర్చుటకు గబ్బిలమును ఎన్నుకొనెను. కాళిదాసుని మేఘమునకున్న అందము దానికి లేదు. లోకము దానిని అశుభముగా చూచును. కాని అది గుడిలోనికి పోగలదు, దేవుని చెవి దగ్గఱ వ్రేలాడగలదు. ఇచట పిలిచినవాడు దేవుడు కాడు, మనుష్యుడు. పంపబడినది దేవునినుండి కాదు, దేవుని యొద్దకు. దిశ మాఱినను సూత్రము అదియే. దూతకు కావలసినది శోభ కాదు, సామీప్యము. నిర్గమకాండము ప్రభావము జాషువపై కలదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుటకు ఆధారము కావలెను. రెండు కృతులును ఒకే ప్రశ్నను వేఱువేఱు దారుల తాకినవని మాత్రమే మా మనవి.

ముగింపు

మా పరిశీలనలో తేలినవి మూడు. మన అవతారికలలోని వినయము సమ్మతి తరువాతిది, సభనుద్దేశించినది. మోషే అనర్హతా నివేదనము సమ్మతికి ముందటిది, దేవునితో జరిగినది. ఆ రెంటిని ఒక్కటిగా చదువరాదు. రెండవది, అనర్హుడు అర్హుడగుట ఈ కథాసారము కాదు. అనర్హత యథాతథముగా నుండగనే కార్యము జరుగుట, ఆ బరువును ఇతరులతో కలిసి మోయుట దీని సారము. మూడవది, నేను చాలనని చెప్పుట నిజాయితీ కావచ్చును, తప్పించుకొనుటయు కావచ్చును. రెంటికిని మాటలు ఒకటే. అయిదవ ఆక్షేపణవఱకు వేచియున్న కథకుని వలెనే విమర్శకుడును ఓపికతో విని, ఏది యేదో తేల్చుకొనవలెను.

హెబ్రీ, గ్రీకు భాషలలో మా ప్రవేశము స్వల్పము. నిఘంటువుల, వ్యాకరణముల తోడ్పాటుతోనే ఈ పదములను వెదకినాము. ఈ వాక్యమును వ్రాయుచుండగా, మేమును అవతారికాకారుల దారినే, పని ముగిసిన పిదప వినయమును చెప్పుకొనుచున్నామని మాకు తెలియకపోలేదు. ఆ భాషలను మాకంటె బాగుగా ఎఱిగిన యువపరిశోధకులు కొందఱు ఈ దారిని నడచి, తెలుగు అవతారికలను, బైబిలు ఆహ్వానకథలను వరుసగా పోల్చి చూచినచో, ఇందు మేము తప్పిన చోట్లు తేలును, మిగిలిన చోట్లు గట్టిపడును. అందుకు వారికి మా సామర్థ్యము చాలదను సంకోచము కలిగినచో, ఆ సంకోచమును మొదటిసారి చెప్పినవాడు ఎవడో, అతనికి దొరకిన జవాబు ఏదో, వారికి ఇప్పుడు తెలిసియే యున్నది.